మాడిన పాల వాసన

"పదిహేను నిమిషాలు," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుధాకర్, కుర్చీలోంచి లేవకుండానే. "వాడితోటి మాట్లాడనీకి అంతకంటే ఎక్కువ ఇయ్యను. మూడు గంటలకు మేడ్చల్ కోర్టుల మేజిస్ట్రేట్ ముందర నిలబడి 'మా నాయినను నేనే సంపిన' అని వాడి నోటితోనే చెప్తడు. ఇగ మీరొచ్చినా, మీ తాతొచ్చినా ఫాయిదా లేదు డిటెక్టివ్ మేడం."

"మా తాతను ఎందుకు లేపుతరు గానీ, మీరేం జేసిండ్రో చెప్పుండ్రి," అన్నాను. "వాడే చర్చిల లేచి చెప్పిండు, మీరు పోయి బండెక్కించుకొచ్చిండ్రు. గా పని ఆటో డ్రైవర్ గూడ చేస్తడు."

అతని పక్కనున్న స్టేషన్ రైటర్ నవ్వు ఆపుకోలేక ఫైల్లో తల పెట్టుకున్నాడు. సుధాకర్‌కూ నాకూ పడదు. పోయిన ఏడాది అతను ఆత్మహత్య అని మూసేసిన ఒక కేసును నేను తవ్వి హత్య అని తేల్చాను, ఆ మంట ఇంకా ఆరలేదు. నా పేరు ఆమని. మేడ్చల్ బస్టాండు ఎదురుగా నా ఆఫీసు. ఎక్కువగా యాక్సిడెంట్ కేసుల్లో నిజానిజాలు తేల్చే పని నాది. హత్యలు అప్పుడప్పుడు వస్తాయి, వచ్చినప్పుడల్లా సుధాకర్ అడ్డం వస్తాడు.

కేసు ఇది. శుక్రవారం సాయంత్రం తూంకుంటలో యేసయ్య అనే పెద్దాయన తన వంటింట్లో చనిపోయి కనిపించాడు. తల వెనక ఇనుప వస్తువుతో కొట్టిన దెబ్బ. దెబ్బ పడింది ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య అని పోస్టుమార్టం చేసిన డాక్టరు రాశాడు. ఆ సమయంలో భార్య సారమ్మ చర్చిలో స్త్రీల ప్రార్థన కూటంలో ఉంది. చిన్నకొడుకు శాంసన్ తుర్కపల్లిలో కంపెనీ క్యాబ్ దగ్గర ఉన్నాడు. పెద్దకోడలు షైని అక్కడే ఒక ల్యాబ్‌లో డ్యూటీలో ఉంది. ఇంట్లో ఉన్నది షైని భర్త, పెద్దకొడుకు ఫిన్నీ ఒక్కడే, వెనక గదిలో నిద్రపోతూ. మొదట అందరూ దొంగల పనే అనుకున్నారు.

ఆదివారం చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. రోగం తగ్గినవాళ్ళు, తాగుడు మానినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకేం చేశాడో చెబుతారు. మిగతావాళ్ళు "స్తోత్రం" అంటారు. నిన్న ఫిన్నీ లేచి, మా నాయినను నేనే కొట్టి చంపాను అన్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు స్తోత్రం అనేశారట. తర్వాత ముందు వరుసలోని పిల్లలు ఏడ్చారు.

*

ఫిన్నీని కూర్చోబెట్టిన గదికి ఆనుకునే స్టేషన్ లెట్రిన్ ఉంది. అది పొద్దున్నుంచి పొంగుతోంది. తలుపు కింద నుంచి నీళ్ళు గదిలోకి వచ్చాయి. కాపలా కానిస్టేబుల్ ముక్కుకు రుమాలు కట్టుకొని గడప అవతల నిలబడ్డాడు. నేను చున్నీ అడ్డం పెట్టుకొని లోపలికి వెళ్ళాను.

ముప్పై నాలుగేళ్ళ మనిషి. ట్యూబ్‌లైటు వెలుగు భరించలేక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. నల్లద్దాలు పెట్టుకుంటాడట, వాటిని లాక్కున్నారు. నేను లైటు ఆర్పించాక చెయ్యి దించాడు.

"నన్ను మీ షైని పంపింది. శుక్రవారం ఏమైందో చెప్పు ఫిన్నీ."

అతను నిటారుగా కూర్చొని మొదలుపెట్టాడు. "పొద్దుమూకినంక నేను నిద్ర లేసిన. తల పలుగుతుండె. వంటింట్ల నాయిన పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డడు. పనిలేనోడివని నన్ను తిట్టిండు. నాకు కోపమొచ్చింది. వీల్ పానా తీస్కొని ఎన్కకెల్లి కొట్టిన. పాలు పొంగినయ్. మాడిన వాసన ఇల్లంత నిండింది. నేను పోయి పండుకున్న. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుల ఉన్నది."

"మళ్ళొక్కసారి చెప్పు."

చెప్పాడు. అదే వరుస, అవే మాటలు, ఊపిరి తీసుకున్న చోటు కూడా అదే. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. జరిగింది చెప్పేవాడు రెండోసారి ఎక్కడో ఒక చోట తడబడతాడు, ముందుది వెనక చెబుతాడు. వీడు అప్పజెబుతున్నాడు.

"ఏ చేత్తో కొట్టినవ్?"

"యాదికి లేదు."

"నాయిన ఏ రంగు అంగీ తొడుక్కున్నడు?"

"యాదికి లేదు మేడం."

"పాల వాసన మాత్రం యాదికున్నది."

"ఆ. అది ఉన్నది."

"సొంతంగ యాదికుందా, ఎవలన్న యాది జేసిండ్రా?"

అతను తల గోడకు ఆనించాడు. "అమ్మ యాది జేసింది. ఆ రాత్రి నేనే అమ్మకు చెప్పిన్నంట, మళ్ళ మర్చిపోయిన్నంట. నాకు ఏదీ నిలువదు మేడం. పోయిన యేడు బండి డిక్కీ డోరు తల మీద పడ్డది. రక్తం గూడ రాలే. అప్పటికెల్లి గిట్లనే. గేటు తీసి మర్చిపోత. షైని మీద కంచం ఇసిరిన్నంట, అది గూడ యాదికి లేదు. కంచం పగిలి ఉన్నది గదా, ఇసిరే ఉంట. పానా అమ్మకు నా మంచం కిందనే దొరికింది. అమ్మ నా కోసం రెండు రోజులు దాచింది. ఆమె అబద్ధం ఎందుకు చెప్తది?"

చెయ్యని పనులు కూడా తనవే అని ఒప్పుకోవడం ఏడాదిగా అలవాటైపోయిన మనిషి. నేను చున్నీని ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఫిన్నీ, గీ రూముల ఎట్ల కూసున్నవ్? వాసనకు నా తల తిరుగుతాంది."

అతను నా వైపు అమాయకంగా చూశాడు. కింద నీళ్ళు అతని కాళ్ళను తాకుతున్నాయి. "ఏం వాసన మేడం?" అన్నాడు.

*

బయటికి రాగానే సుధాకర్‌కు చెప్పాను. "వాడికి వాసన రాదు. రానోడికి పాలు మాడిన వాసన ఎట్ల యాదికుంటది? ఆ మాటలు వాడివి కావు, ఎవరో నేర్పిండ్రు."

"పొద్దటి సంది ఆ రూముల్నే ఉన్నడు, ముక్కు అలవాటు పడ్డది," అన్నాడు సుధాకర్. "తలకు దెబ్బ, దెబ్బ అని ఆయన పెండ్లాం నా చెవిల జోరీగ లెక్క తిరిగింది. నేను దవాఖాన కాయితాలు తెప్పించిన. స్కాన్ సాఫ్. ఒక్క కుట్టు పడలే. మూడు గోళీలు రాసి ఇంటికి పంపిండ్రు. డోరు తాకినోడల్లా తండ్రిని సంపితే గీ కరీంనగర్ రోడ్డు మీద తండ్రులే మిగలరు."

"సంపలేదనే నేనంటున్న."

"కొండను తవ్వి ఎలుకను పట్టకుండ్రి మేడం. మూడు గంటలకు కోర్టుకు రాండ్రి, ముందు వరుసల కుర్చీ ఏపిస్త."

అతనితో వాదిస్తే ఉన్న టైము కూడా పోతుంది. బయట టీ బండి దగ్గర షైని నిలబడి ఉంది. మూడు రోజులుగా నిద్ర లేని కళ్ళు. నిన్న నన్ను పనిలో పెట్టుకుంటూనే ఆమె ఒక మాట అంది: "చేసిండో లేదో నాకు తెల్వదు మేడం. తెలుసుకునేటందుకే మీ దగ్గరికొచ్చిన." భర్త కోసం ఏడ్చేవాళ్ళను చాలామందిని చూశాను. భర్తను ఇంత నిజాయితీగా అనుమానించిన మనిషిని ఈమెనే చూశాను.

"షైనీ, మీ ఆయనకు వాసన తెలుస్తదా?"

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "గదేంది మేడం? ముక్కు మంచిగనే ఉన్నది గదా." అంతలోనే ఆమెకేదో గుర్తొచ్చింది. "పులిసిపోయిన పప్పు గూడ గట్లనే తింటడు. కావాలని నన్ను సాధిస్తుండు అనుకున్న. కారం ఎక్కువేస్తేనే ముద్ద దిగుతది. బండిల ఎలుక సచ్చింది గూడ గట్లనే."

"ఏం ఎలుక?"

"ఆయన కంపెనీ క్యాబ్ తోలుతుండె గదా. ఒక వారం బండిల ఒకటే కంపు. ఎక్కిన ఆడపిల్లలు కక్కుకున్నరు. ఈయన ఏం వాసన లేదు, అబద్ధమాడుతున్నరు అని వాళ్ళతోటి కొట్లాట. మెకానిక్ రెండుసార్లు చూసిండు, దొరకలే. కంపెనీ వాళ్ళు ఈయన్ను తీసేసి బండి మా మరిది శాంసన్‌కు ఇచ్చిండ్రు. మొదటి రోజే శాంసన్ సీటు కింద చెయ్యి పెట్టిండు, ఎలుక దొరికింది. కవర్ల చుట్టి తీగతోటి కట్టి ఉండెనంట."

చచ్చిన ఎలుక తనను తాను కవర్లో చుట్టుకొని తీగతో కట్టుకోదు. ఆ మాట షైనికి అప్పుడే తట్టినట్టుంది, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

నా యాక్సిడెంట్ కేసుల్లో ఇలాంటి వాళ్ళను ఇద్దరిని చూశాను. ఒకడు వంటమాస్టరు. స్కూటర్ మీద నుంచి పడ్డాడు, లేచి దులుపుకొని వెళ్ళిపోయాడు, నెల తర్వాత గ్యాస్ లీకవుతుంటే పక్కనే నిలబడి అగ్గిపుల్ల గీశాడు. ముక్కు పైన వాసన మోసే నరాలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. తల ఒక్కసారి గట్టిగా అదిరితే తెగుతాయి. స్కాన్‌లో కనబడవు. నెత్తురు కారితే జనం జాలిపడతారు, లోపల తెగితే నాటకాలంటారు. ఫిన్నీని ఏడాదిగా ఇంటిల్లిపాదీ నాటకాలే అన్నారు, షైని కూడా.

ఆమెను మేడ్చల్ వెళ్ళి వకీలును పట్టుకోమని పంపించి, నేను ఐదు నిమిషాల దూరంలోని తూంకుంట బయల్దేరాను.

*

యేసయ్య ఇల్లు కొత్త లేఅవుట్‌లో చివరి ఇల్లు. సారమ్మ తెల్లచీరలో ముందు గదిలో కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకు వాక్యాలు నేర్పే మనిషి. ఊళ్ళో అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. చిన్నకొడుకు శాంసన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ అంగీ, నున్నగా దువ్విన తల. వచ్చే నెలలో అతని పెళ్ళి, మేడ్చల్‌లో ఒక చర్చి పెద్ద కూతురితో.

"టీచరమ్మా, వంటిల్లు ఒక్కసారి చూస్త."

"పోలీసులు చూసిండ్రు గదా బిడ్డా," అంది. ఆమె గొంతులో వణుకు లేదు.

చూశాను. గచ్చు కడిగేశారు. స్టవ్వు పైన అద్దంలా తుడిచి ఉంది. బర్నర్ తీసి వెలుతురుకు పట్టుకుంటే రంధ్రాల్లో నల్లటి చెక్కు కనిపించింది. పాలు పొంగి మాడినదే. వెనక వాకిట్లో బట్టలుతికే బండ దగ్గర పాలగిన్నె బూడిద వేసి నానబెట్టి ఉంది. గిన్నె తీసి అడుగు చూశాను. పల్చగా, అరచేయంత మేర మాడింది, అంతే.

సుధాకర్ పంచనామాలో పాల ఊసే లేదు. అతనికి వంటిల్లంటే టీ వచ్చే చోటు. నాకు మాత్రం ఆ గిన్నె అడుగు చాలా సంగతులు చెప్పింది. ఫిన్నీ తండ్రిని కొట్టి, అతని మాటల ప్రకారం వెంటనే పోయి పడుకుంటే, సారమ్మ ఎనిమిదింటికి వచ్చేదాకా పొయ్యి మండుతూనే ఉండాలి. అరగంటైనా మంట మీద ఉంటే గిన్నె బొగ్గయ్యేది. ఇది పొంగిన నాలుగైదు నిమిషాల్లోనే ఎవరో పొయ్యి ఆపారు. శవం పక్కన నిలబడి పొయ్యి ఆపేంత తెలివిలో ఉన్న మనిషి.

ముందు గదిలోకి వచ్చి శాంసన్‌ను అడిగాను. "శుక్రవారం సాయంత్రం ఏడున్నవ్?"

"తుర్కపల్లి పార్కింగుల. ఎనిమిదింటికి షిఫ్టు ఇడుస్తరు. నేను ఆరింటికే పోయి బండి లైన్ల పెట్టిన."

"నిన్ను చూసినోళ్ళున్నరా?"

"డ్రైవర్లందరు సీటు ఎన్కకు వాల్చి పండుకుంటరు మేడం. ఎవలిని ఎవలు చూస్తరు?"

"మంచి మాట చెప్పినవ్. మధ్యల ఎవరన్న ఇంటికి పోయొచ్చినా ఎవలు చూడరన్నట్టే." అతని దవడ బిగుసుకుంది. "ఎలుక సంగతి చెప్పు. మెకానిక్‌కు దొరకంది నీకెట్ల దొరికింది?"

"దేవుడు చూపిండు," అన్నాడు.

"శాంసన్," అంది సారమ్మ కత్తిరించినట్టుగా. "అన్నకు అన్నం తీస్కపో. ఎండు చాపల కూర ఒండిన. వానికి ఇష్టం."

అతను వంటింట్లోకి వెళ్ళాడు. క్యారియర్ గిన్నెల చప్పుడు మొదలైంది. నేను సారమ్మకు ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చున్నాను. ఆమె చేత చెప్పించాలి, టైము లేదు. అందుకని దాచకుండా, గట్టిగానే చెప్పాను.

"టీచరమ్మా, మీ ఫిన్నీకి వాసన రాదు. పోయిన యేడు డోరు తాకిన్నాటి నుంచి రాదు. కుళ్ళిన కూర పెట్టినా తెల్వదు, కిరసనాయిల్ కలిపి పెట్టినా తింటడు. గంత బండబారింది వాడి ముక్కు. మరి వాడి నోట్లకు పాలు మాడిన వాసన ఎవరు పెట్టిండ్రు?"

ఆమె ముఖంలో రంగు మారింది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉండి, ఆ తల్లికి ఆ సంగతి తెలియదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది, ఇంకొంచెం సేపు సాగింది. శాంసన్ క్యారియర్ పట్టుకొని బయటికి వచ్చాడు. "పోయొస్త అమ్మా," అని బండి తీశాడు. నేను ఆపలేదు. చిన్నకొడుకు ఎదురుగా లేకపోతే తల్లి నోరు విప్పుతుందని నా లెక్క. ఒక విధంగా ఆ లెక్క తప్పలేదు.

"చెప్పుండ్రి టీచరమ్మా. పాలు మాడంగ ఆడున్నది మీరే గదా?"

ఆమె కళ్ళు మూసుకొని పావుగంట సేపు పెదాలతోనే ప్రార్థన చేసుకుంది. నేను ఫోన్లో రికార్డింగ్ నొక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. అది ఆమె చూసింది, వద్దనలేదు.

"నేను పిల్లగాండ్లకు గట్లనే నేర్పుత," అంది చివరికి. "సాక్ష్యం చెప్పేటప్పుడు ఉత్తగ చెప్తే ఎవరు నమ్మరు. కండ్లతోటి ఏం చూసినవ్, చెవులతోటి ఏం విన్నవ్, ముక్కుకు ఏం వాసనొచ్చింది, అన్నీ చెప్పాలె అంట. ముప్పై ఏండ్ల అలవాటు. వానికి గట్లనే చెప్పించిన. రెండు రాత్రులు, పది పది సార్లు. మంచి పిల్లగాడు, మాట మీద మాట తప్పకుండ నేర్చుకున్నడు."

"యేసయ్యను కొట్టింది శాంసన్."

"ఎలుకను చుట్టిన కవరు వాని పెండ్లి బట్టలు కొన్న దుకాణం కవరు. ఎలుకను తీసి పార్కింగుల పారేసినప్పుడు, పెద్దోని పని గురించి అడగనీకి ఆడికి పోయిన ఈయన చూసిండు. శుక్రవారం వీణ్ణి పిలిచి, నీ అన్న పని నువ్వే ఊడగొట్టినవ్, ఆదివారం అందరి ముందర లేచి ఒప్పుకో అన్నడు. ఒప్పుకుంటే పెండ్లి ఆగుతదని వీడు కాళ్ళు పట్టుకున్నడు. ఆయన ఇనలే. పొయ్యి దిక్కు తిరిగిండు. నేను కండ్లద్దాలు మరిచిపోయి కూటంల నుంచి ఇంటికొచ్చిన. వచ్చేసరికి వీడు పానా పట్టుకొని నిలబడ్డడు. పాలు పొంగుతున్నయి."

"అప్పటికి ఆయన..."

"పానం ఉండె."

నేను ఫోను ఆమెకు ఇంకా దగ్గరగా జరిపాను. ఆమే చెప్పింది. "నీళ్ళు అడిగిండు. బతికితే వీని పేరు చెప్తడు. నేను పొయ్యి కట్టేసిన. శాంసన్‌ను బండెక్కి పొమ్మన్న. ఆయన పక్కన కూసున్న. నీళ్ళు ఇయ్యలే. శానా సేపు పట్టింది. అయినంక పానా కడిగి ఫిన్నీ మంచం కింద పెట్టి, మళ్ళ కూటానికి పోయి ఆఖరి ప్రార్థన నేనే చేసిన."

ఈ పనిలో కసాయి మనుషులను చాలామందిని చూశాను. వాళ్ళెవరూ ఇంత నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పలేదు. ఆమె మీద చెయ్యి చేసుకోవాలని నాకు అనిపించింది.

"ఫిన్నీ మీ కడుపున పుట్టలేదా టీచరమ్మా?"

"డోరు తాకిన నాడే నా ఫిన్నీ పోయిండు," అంది. "ఇప్పుడున్నోడు వాని అంగీ తొడుక్కున్న ఎవడో. ఒక్కసారి నవ్వడు. వెలుగు చూస్తే తిడతడు. పగిలిన కుండల ఎన్ని నీళ్ళు పోస్తే ఏముంది? జైల్ల అన్నం పెడతరు, చీకటి గది ఉంటది, వానికేం తక్కువ? ఇద్దరిల ఒక్కడన్న నాకు మిగలొద్దా?"

"తక్కువో ఎక్కువో మేజిస్ట్రేట్ చెప్తరు," అని లేచాను. ఫోన్లో ఆమె మాటలన్నీ ఉన్నాయి. కోర్టుకు ఇంకా గంటకు పైనే ఉంది. ఈ రికార్డింగ్ వింటే సుధాకర్ మొహం ఎలా మాడుతుందో అని, సిగ్గులేకుండా, ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా.

నోరు ఎండిపోయింది. నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. గడపలోనే ఆగిపోయాను. ఇందాక లేని వాసన. కిరసనాయిల్‌లా ఘాటుగా, గొంతులో పట్టేసేలా ఉంది. ఎండుచేపల కంపు దాన్ని కప్పలేకపోతోంది.

సారమ్మ నా వెనకే వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. సింకు కింద అర తెరిచి చూసింది, అక్కడ ఖాళీగా గుండ్రటి మరక ఉంది. చెత్తడబ్బా మూత తీసింది. కొత్త ఇంటి తలుపులకు పట్టిన చెదల కోసం తెచ్చిన మందు సీసా, సగానికి పైగా ఖాళీ, మూత లేకుండా పడి ఉంది.

"నేను జెప్పలే," అంది సారమ్మ. ఇంతసేపటికి ఆమె గొంతు వణికింది. "నేను వానికి గీ మాట జెప్పలే. జైలుకు పోతే సాలనుకున్న. అన్నం నేను మంచిగనే ఒండిన బిడ్డా."

ఆమె చెప్పలేదు. చెప్పింది నేను. కిరసనాయిల్ కలిపి పెట్టినా తింటాడని, గోడ అవతల హంతకుడు వింటుండగా, నా తెలివి చూపించుకోవడానికి గట్టిగా చెప్పింది నేను. చర్చిలో అంతమంది ఎదుట నేరం ఒప్పుకున్నవాడు లాకప్‌లో చస్తే పశ్చాత్తాపంతో మందు తాగాడంటారు. ఫైలు మూసేస్తారు. వాసన సంగతి ఇక ఎవరికీ అక్కర్లేదు.

స్టేషన్‌కు ఫోన్ చేశాను. రింగ్ అయ్యి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. సారమ్మ చెత్తడబ్బా పక్కన గచ్చు మీద కూలబడి రెండు చేతులతో తల కొట్టుకుంటోంది. మూడోసారికి సుధాకర్ ఎత్తాడు.

"ఏంది మేడం, కోర్టుల కుర్చీ కోసమా?"

"ఫిన్నీకి అన్నం పెట్టకుండ్రి. క్యారియర్ల విషం ఉంది. గిన్నె గుంజుకోండ్రి సార్. జల్దీ."

అటువైపు నవ్వు వినిపించింది. "మీ పరేషాన్ మీది. గా ఎండు చాపల కంపుకు మా కానిస్టేబుల్ బయటికి ఉరికిండు గానీ, మీవాడు గిన్నె నాకినట్టు తిన్నడు. పది నిమిషాలయితాంది. నిన్నటి సంది అమ్మ గానీ తమ్ముడు గానీ రాలేదని ఏడ్చినోడు, తమ్ముణ్ణి చూడంగనే పసిపిల్లగాని లెక్క సంబరపడ్డడు. వద్దన్నా ఇనకుండ శాంసన్ పక్కన కూసొని ముద్ద ముద్ద కలిపి నోట్ల పెట్టిండు మేడం. మాకే కండ్లల్ల నీళ్ళొచ్చినయి."